‘ఏ సాయం కావాలన్నా అడగండి’ అన్న తర్వాత

చిన్న వయసులో ఉన్న తల్లో తండ్రో ఉన్నట్టుండి ఐసీయూ పాలైతే ఆ ఇంట్లో కనిపించే లోటు ఒక్క మనిషితో ఆగదు. సంపాదనలో ఒక భాగం, ఇంటి పనిలో సగం, పిల్లలను నిద్రపుచ్చే చెయ్యి, కష్టం వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకునే తోడు, ఇవన్నీ ఒకే రోజున ఆగిపోతాయి. మిగిలిన భాగస్వామి ఆ గంట నుంచే ఆస్పత్రిలో అటెండెంటు, డాక్టర్లకు జవాబు చెప్పవలసిన మనిషి, ఇంట్లో ఒంటరిగా పిల్లలను చూసుకునే తల్లి లేదా తండ్రి, బంధువులందరికీ వార్తలు చేరవేసే దూత అవుతారు. వయసు మళ్లినవారు మంచాన పడినప్పుడు ఎదిగిన పిల్లలు పని పంచుకుంటారు. ఇక్కడ పంచుకోవలసిన పిల్లలు ఇంకా బూట్ల లేసులు కట్టుకోవడం నేర్చుకుంటూ ఉంటారు. ఆదుకోవలసిన తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు ఒకవైపు కన్నబిడ్డ ప్రాణం కోసం అల్లాడుతూ మరోవైపు మనవలను చూసుకోవాలి. వారిలో చాలామందికి సొంత మందులూ సొంత నొప్పులూ ఉండనే ఉంటాయి.

ఇలాంటి ఇంటికి మొదటి వారంలో సాయం చేస్తామనేవారు తక్కువేమీ ఉండరు. చిక్కంతా ఆ సాయం వచ్చే తీరులో ఉంది. ‘ఏ సాయం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి’ అన్నది మనస్ఫూర్తిగా అనే మాటే అయినా, దాన్ని అందుకున్న మనిషికి అది మరో పని అప్పగిస్తుంది. అడగాలంటే ముందు ఏం అవసరమో ఆలోచించాలి, అది ఎవరికి వీలవుతుందో అంచనా వేయాలి, అడిగినందుకు నొచ్చుకుంటారేమోనని తటపటాయించాలి, చేసినందుకు కృతజ్ఞత చెప్పడం గుర్తుంచుకోవాలి. తీవ్రమైన జబ్బు చుట్టుముట్టిన ఇంట్లో అన్నిటికంటే ముందు అడుగంటేది నిర్ణయాలు తీసుకునే ఓపిక. పొద్దున ఆరింటి నుంచి ‘ఈ పరీక్షకు సంతకం పెడతారా’, ‘ఈ మందు మార్చవచ్చా’ అన్న ప్రశ్నలకు జవాబులు చెప్పి వచ్చిన మనిషి సాయంత్రానికి ‘రాత్రికి ఏం వండి పంపమంటారు’ అన్న చిన్న ప్రశ్నకు కూడా కళ్లనీళ్లు పెట్టుకోవడం వింతేమీ కాదు. అందుకే ఒక సాయం మంచిదా కాదా అని తూచడానికి ఒకే కొలత సరిపోతుంది: అది ఆ ఇంటి మీద ఒక నిర్ణయాన్ని తగ్గించిందా, పెంచిందా?

ఈ మాట ఊహ మీద నిలబడింది కాదు. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఫ్రాన్స్‌లోని 21 ఐసీయూల్లో చికిత్స పొందినవారి కుటుంబసభ్యులు 284 మందిని మూడు నెలల తర్వాత పలకరించిన పరిశోధకులకు, వారిలో మూడోవంతు మందిలో తీవ్రమైన మానసిక గాయం తర్వాత కనిపించే ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. చికిత్స గురించిన నిర్ణయాల్లో తామూ పాలుపంచుకున్నామని చెప్పినవారిలో దాదాపు సగం మందికి ఆ లక్షణాలున్నాయి. అంతమాత్రాన కుటుంబాన్ని నిర్ణయాలకు దూరంగా ఉంచాలని అర్థం చేసుకోకూడదు. అదే దేశంలో 22 ఐసీయూల్లో, రోగి కోలుకునే ఆశ లేని కుటుంబాలతో జరిగి 2007లో వెలువడిన మరో అధ్యయనం రెండో వైపు చూపింది. డాక్టర్లు ఒక పద్ధతి ప్రకారం సమావేశం ఏర్పాటు చేసి, తాము మాట్లాడడం తగ్గించి, బంధువుల మాట వినడానికి ఎక్కువ సమయం ఇచ్చిన చోట, మూడు నెలల తర్వాత ఆ ఒత్తిడి లక్షణాలు 45 శాతం మందిలో కనిపించాయి, మామూలు సమావేశాలు జరిగిన చోట 69 శాతం మందిలో. మామూలు సమావేశంలో కుటుంబం మాట్లాడిన సమయం ఐదు నిమిషాలు. ఈ పద్ధతిలో పద్నాలుగు నిమిషాలు.

ఐసీయూ బయటి వరండాలో కూర్చున్న మనిషి ఫోను ఒకసారి చూస్తే మిగతా కథ అర్థమవుతుంది. చదవని సందేశాలు నలభై. వాటిలో ముప్పై ‘ఇప్పుడెలా ఉంది?’ అన్నవే. ప్రతి ఒక్కరికీ అదే వార్త మళ్లీ చెప్పాలి, చెప్పిన ప్రతిసారీ అవతలివారి ఏడుపును ఓదార్చాలి, ఆపై ‘వేరే ఆస్పత్రిలో చూపించకపోయారా’ అన్న సలహాను ఓపికగా వినాలి. ఈ మూడో పనికి ఆ మనిషిలో శక్తి మిగిలి ఉండదు. అందువల్ల మొదటి రోజునే చేయవలసిన ఏర్పాటు ఒకటుంది. రోగి భాగస్వామి కాకుండా, నిబ్బరంగా మాట్లాడగల దగ్గరి మనిషి ఒకరిని వార్తలకు బాధ్యులుగా పెట్టాలి. రోజుకు ఒకసారి, ఒకే వేళకు, నాలుగు వాక్యాల సందేశం అందరికీ వెళ్లాలి: నిన్నటికీ ఈరోజుకూ తేడా ఏమిటి, డాక్టర్లు దేనికోసం ఎదురుచూస్తున్నారు, ఎవరైనా ఇప్పుడు రావలసిన అవసరం ఉందా లేదా, ఏ పని ఖాళీగా ఉంది. ఇందులో ఏ వివరం చెప్పాలో, ఏది ఇంట్లోనే ఉంచుకోవాలో మాత్రం భాగస్వామే నిర్ణయించాలి. చాలా కుటుంబాల్లో రోగి నిద్రలో ఉండగానే వారి జబ్బు వివరాలు వీధిన పడిపోతాయి, లేచాక ఆ మనిషికి అదొక కొత్త అవమానం.

ఎవరి బాధ ఎవరి దగ్గర దించుకోవాలన్న దానికి అమెరికాలో సుసాన్ సిల్క్ అనే మనస్తత్వ నిపుణురాలు, బ్యారీ గోల్డ్‌మన్ అనే రచయిత కలిసి 2013లో ఒక పత్రికా వ్యాసంలో సులువైన లెక్క చెప్పారు. మధ్యలో రోగి, ఆ చుట్టూ భాగస్వామీ పిల్లలూ, ఆ తర్వాత తల్లిదండ్రులూ తోబుట్టువులూ, ఆపైన స్నేహితులు, ఇంకా బయట సహోద్యోగులు, ఇలా ఒకదాని చుట్టూ ఒకటి గీతలు గీసుకోవాలి. తమకంటే లోపలి గీతలో ఉన్నవారికి ఓదార్పు మాత్రమే వెళ్లాలి. ఏడుపు, భయం, కోపం, ఫిర్యాదు బయటి గీతలో ఉన్నవారి దగ్గరే వెళ్లగక్కాలి. లెక్క చిన్నదే గాని ఆచరణలో తలకిందులవుతూ ఉంటుంది. పరామర్శకు వచ్చిన బంధువు బోరున ఏడిస్తే, భర్త వెంటిలేటర్ మీద ఉన్న ఆ ఇల్లాలు లేచి మంచినీళ్లు తెచ్చి ఆమెను సముదాయించవలసి వస్తుంది.

ఇక పనుల సంగతి. పని ఏదైనా, దానికి ఒక యజమాని ఉన్నప్పుడే అది భారం తగ్గిస్తుంది. ‘పిల్లల్ని బడినుంచి ఎవరో ఒకరం తెస్తాంలే’ అన్న మాట వల్ల భాగస్వామి మధ్యాహ్నం మూడింటికి ఆస్పత్రి నుంచి ముగ్గురికి ఫోన్లు చేయవలసి వస్తుంది. ‘మంగళవారం, గురువారం నేను తెస్తాను, నాకు కుదరకపోతే నా బదులు మనిషిని నేనే చూసుకుంటాను’ అన్నప్పుడే ఆ పని నిజంగా వారి తల మీది నుంచి దిగుతుంది. అలాగే ‘ఏమైనా తేవాలా’ అనే బదులు ‘ఆదివారం పొద్దున వచ్చి బట్టలు ఉతికి మడత పెట్టి వెళ్తాను, మీరు నిద్రపోతూ ఉన్నా ఫరవాలేదు’ అనడం మేలు. కాదనే వీలు వారికి ఉండాలి, కాని ఆలోచించే పని ఉండకూడదు. భోజనం పంపేవారికి ఒక చిన్న మాట: తిరిగి ఇవ్వవలసిన గిన్నెల్లో పంపకపోవడమే సగం సాయం.

ఈ పనులన్నీ సజావుగా సాగాలంటే ఇంట్లో ఒక కాగితం ఉండాలి. తల్లికో తండ్రికో మాత్రమే తెలిసిన, ఎన్నడూ ఎవరూ రాసిపెట్టని సంగతులు దాని మీద ఉంటాయి. చిన్నది ఏ దుప్పటి లేకపోతే నిద్రపోదు, పెద్దవాడికి ఏ మందు పడదు, బడికి ఏ రోజు ఏ యూనిఫాం, ఇంటి తాళం రెండోది ఎవరి దగ్గర ఉంది, పిల్లలను బడి నుంచి తీసుకురావడానికి ఎవరి పేర్లు నమోదై ఉన్నాయి, రాత్రి లైటు ఆర్పేముందు ఏ కథ చెప్పాలి. ఇంట్లోని నాలుగేళ్ల పిల్ల ‘కాదు, అమ్మ ఇలా కాదు, ముందు ఎడమ కాలికి వేస్తుంది’ అని సాక్సు విసిరికొట్టినప్పుడు దాన్ని మొండితనంగా చూడకూడదు. ఆమె ప్రపంచంలో ఇంకా చెక్కుచెదరకుండా మిగిలిన ఒక క్రమాన్ని ఆమె కాపాడుకుంటోంది. ఎడమ కాలికే ముందు వేయడం వల్ల పోయేదేమీ లేదు. పిల్లలను ఊరడించడానికి వారిని ఇల్లు మార్చి, బడి మాన్పించి, చుట్టాల ఇళ్ల మధ్య తిప్పడం కంటే, వీలైనంతవరకు వారి మంచం, వారి బడి, వారి నిద్రవేళ అలాగే ఉంచి పెద్దలే అక్కడికి మారడం నయం.

పిల్లలకు ఏం చెప్పాలన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, అందుకే దాన్ని చాలా ఇళ్లలో ఎవరూ ముట్టుకోరు. ‘నాన్న ఊరెళ్లాడు’ అన్న అబద్ధం రెండు రోజులు పనిచేస్తుంది. మూడో రోజు పిల్లవాడు గుసగుసలు వింటాడు, ఎర్రబడిన కళ్లు చూస్తాడు, తెలియని దాన్ని తన ఊహతో పూరించుకుంటాడు. ఆ ఊహ నిజం కంటే భయంకరంగా ఉంటుంది. ఆరేడేళ్ల లోపు పిల్లల్లో తమ కోరికలు, మాటలు లోకాన్ని నడిపిస్తాయన్న నమ్మకం బలంగా ఉంటుంది. ‘అమ్మ మీద కోపంతో పో అన్నాను, అందుకే అమ్మ పోయింది’ అని ఒక పసివాడు లోలోపల నిశ్చయించుకోవచ్చు. అందుకే పిల్లలతో పనిచేసే నిపుణులు మూడు ప్రశ్నలకు, పిల్లలు అడగకపోయినా, జవాబు చెప్పమంటారు: ఇది నా వల్ల వచ్చిందా, ఇది నాకూ అంటుకుంటుందా, ఇప్పుడు నన్ను ఎవరు చూసుకుంటారు. జబ్బుకు ఉన్న అసలు పేరే చెప్పాలి. ‘ఒంట్లో బాగాలేదు’ అని ఊరుకుంటే తర్వాత ఇంట్లో ఎవరికి జలుబు చేసినా పిల్లలు వణికిపోతారు. ‘నిద్రపోతోంది’ అంటే పడుకోవడానికే భయపడతారు. మత్తుమందు ఇచ్చి ఉంచినప్పుడు ‘ఇది మనం రాత్రి పోయే నిద్ర కాదు, డాక్టర్లు మందుతో తెప్పించినది’ అని విడమరచి చెప్పాలి. జవాబు తెలియనప్పుడు ‘తెలియదు, తెలిసిన రోజే నీకూ చెబుతాను’ అన్నది పూర్తి జవాబే. ‘తప్పకుండా నయమైపోతుంది’ అన్న మాట మాత్రం ఎవరూ ఇవ్వకూడదు, ఎందుకంటే అది ఇచ్చినవారి చేతిలో లేదు.

వయసును బట్టి మాట మారాలి. మరణాన్ని పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారన్న దాని మీద మరియా నాగీ బుడాపెస్ట్‌లో 3 నుంచి 10 ఏళ్ల పిల్లలు 378 మందిని పరిశీలించి 1948లో ప్రచురించిన వ్యాసం ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. ఐదేళ్ల లోపువారికి చావు ఒక ప్రయాణం లాంటిదనీ, వెళ్లినవారు తిరిగి రావచ్చనీ అనిపిస్తుందనీ, తొమ్మిదేళ్లు దాటాకే అది అందరికీ తప్పనిదన్న ఎరుక స్థిరపడుతుందనీ ఆమె గమనించారు. ఈ వయసుల గీతలు ఇంటికీ ఇంటికీ మారతాయి గాని, ఒకే సంగతిని ఆరు నెలల తేడాతో మళ్లీ మొదటినుంచీ చెప్పవలసి వస్తుందన్నది అనుభవం ఉన్న ప్రతివారూ ఒప్పుకునే మాట. టీనేజీ పిల్లల చిక్కు వేరు. వారికి అంతా అర్థమవుతుంది, అర్థమైనట్టు కనిపించరు. ‘ఇక ఇంటికి పెద్దదిక్కు నువ్వే’ అని పద్నాలుగేళ్ల అబ్బాయి భుజం తట్టడం పెద్దలు మంచి మనసుతో చేసే పొరపాటు. చెల్లెలికి అన్నం పెట్టడం లాంటి హద్దున్న పని ఇవ్వవచ్చు. ఇంటి బాధ్యత ఇవ్వకూడదు. స్నేహితులతో ఆడుకుని నవ్వుతూ ఇంటికొచ్చిన పిల్లను ‘నాన్న ఆ స్థితిలో ఉంటే నీకు నవ్వెలా వస్తోంది’ అని అడిగిన మాట దశాబ్దాల పాటు గుచ్చుకుంటుంది.

పిల్లలను ఐసీయూకు తీసుకెళ్లాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. ఆస్పత్రి నియమాలు ఒప్పుకుని, పిల్లలు వస్తామంటే, సిద్ధం చేసి తీసుకెళ్లడం మంచిదని చెప్పడానికి కారణాలున్నాయి. ముందుగా ఒక ఫోటో చూపించి, ‘ఈ గొట్టం ఊపిరికి, ఈ తెర గుండె కొట్టుకునే లెక్కకు, ఆ మోతకు భయపడనక్కరలేదు, ముఖం కాస్త వాచి ఉంటుంది, నువ్వు మాట్లాడితే నాన్న జవాబివ్వలేడు, వినబడుతుందేమో, చెయ్యి పట్టుకోవచ్చు’ అని చెప్పాలి. తోడుగా వెళ్లే పెద్దమనిషి పిల్లవాడి కోసమే వెళ్లాలి. రెండు నిమిషాల్లో ‘ఇంక వెళ్దాం’ అంటే అడగకుండా వెనక్కి రాగలగాలి. వద్దన్న పిల్లల చేత ఒక బొమ్మ గీయించి పంపినా చాలు. పిల్లల సంగతి కుటుంబమే చూసుకుంటుందిలే అని వదిలేయకుండా, తీవ్రంగా జబ్బుపడినవారి మైనరు పిల్లల అవసరాలను పట్టించుకోవలసిన బాధ్యతను నార్వే 2010 నుంచి చట్టం ద్వారానే వైద్య సిబ్బంది మీద పెట్టింది. మిగతా చోట్ల ఆ ప్రశ్న కుటుంబం తరఫున ఎవరో ఒకరు అడగాలి: ‘వీరికి చిన్నపిల్లలున్నారు, పిల్లలతో మాట్లాడడంలో సాయపడేవారు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?’

రోగి గురించి బయటివారికి అంతగా తెలియని సంగతి ఒకటుంది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో చాలామందికి, పాత మాటలో సంధి అనే స్థితి, డాక్టర్ల మాటలో డెలీరియం, వస్తుంది. లేని మనుషులు కనిపిస్తారు, నర్సులు చంపడానికి చూస్తున్నారన్న అనుమానం కలుగుతుంది, సొంత భార్యను గుర్తుపట్టక తోసేస్తారు. అది జబ్బు లక్షణమే గాని మనసులోని మాట కాదని కుటుంబానికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక గాయం తప్పుతుంది. కోలుకున్నాక వారికి ఆ రోజుల్లో జరిగింది గుర్తుండదు, ఆ పీడకలలు గుర్తుంటాయి. ఈ ఖాళీని పూరించడానికి స్కాండినేవియా ఆస్పత్రుల్లో నర్సులు, బంధువులు కలిసి రోజూ రెండు వాక్యాలు రాసే ఐసీయూ డైరీ అలవాటు మొదలైంది. ఐరోపాలో 352 మంది రోగులతో జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో మానసిక గాయపు ఒత్తిడి డైరీ అందుకున్నవారిలో 5 శాతం మందికి, అప్పటికి అందుకోనివారిలో 13 శాతం మందికి కనిపించింది. ఫ్రాన్స్‌లోని 35 ఐసీయూల్లో జరిగి 2019లో వెలువడిన పెద్ద పరీక్షలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి దాన్ని మందులా భావించనక్కరలేదు. అయినా ‘ఈరోజు పాపకు పన్ను ఊడింది, నీకోసం దాచాం’ అన్న వాక్యం రాయడానికి ఖర్చు ఏమీ లేదు, చదివే రోజు వస్తే అది అమూల్యం.

డబ్బు విషయంలో ఇబ్బంది ఎక్కువగా కాగితాల రూపంలో వస్తుంది: బీమా పత్రాలు, సెలవు దరఖాస్తు, రోగికి మాత్రమే తెలిసిన పాస్‌వర్డులు, గడువు దాటుతున్న బిల్లులు. కాగితాల పని తెలిసిన ఒకరు వారానికి రెండు గంటలు కూర్చుని వీటిని ఒక ఫైలులో పెడితే, నగదు ఇచ్చినంత మేలు. నగదు ఇచ్చేవారు ఏ ఖర్చుకో చెప్పకుండా, లెక్క అడగకుండా ఇవ్వగలిగితేనే అది సాయం. రోగి తరఫున నిర్ణయం తీసుకునే హక్కు చట్టరీత్యా ఎవరిదన్నది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి దాన్ని ఆస్పత్రిలో మొదటి రోజునే అడిగి తెలుసుకోవడం మంచిది. భార్య ఒక మాట, రోగి తల్లి మరొక మాట అంటున్నప్పుడు బంధువులు పక్షాలు తీసుకోకుండా, ఇద్దరినీ డాక్టరుతో ఒకే గదిలో, ఒకేసారి కూర్చోబెట్టడం అన్నిటికంటే పనికొచ్చే మధ్యవర్తిత్వం.

పాలియేటివ్ కేర్, అంటే నొప్పినీ బాధనూ తగ్గించే ఉపశమన సేవ, అన్న మాట వినగానే ఇల్లంతా ‘ఇక ఆశ లేదన్నమాట’ అని కుంగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం అది జబ్బు మొదట్లోనే, ఇతర చికిత్సతో పాటే అందవలసిన సేవ, అందులో కుటుంబానికి ఆసరా కూడా భాగమే. నొప్పి, నిద్ర, భయం గురించి మాట్లాడే బృందం ఒకటి ముందునుంచీ తోడుంటే చివరి రోజులు వచ్చినా రాకపోయినా నష్టం లేదు. వస్తే మాత్రం పిల్లలకు దాచకుండా చెప్పాలి, వీడ్కోలుకు అవకాశం ఇవ్వాలి. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న 125 మంది పిల్లలను అమెరికాలో విలియం వర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ గమనిస్తూ వచ్చిన అధ్యయనంలో, ఆ పిల్లలు ఎలా నిలదొక్కుకుంటారన్నది మిగిలిన తల్లి లేదా తండ్రి ఎలా నిలబడ్డారన్న దాని మీదే అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడిందని తేలింది. భాగస్వామిని ఒక రాత్రి పూర్తిగా నిద్రపోనివ్వడానికి ఆస్పత్రిలో ఎవరో ఒకరు కూర్చుంటే, ఆ సాయం పిల్లలకు కూడా అందుతుందని దీని అర్థం.

గండం గడిచి ఇంటికి వచ్చినప్పుడు చుట్టూ ఉన్నవారు ఊపిరి పీల్చుకుని ఎవరి ఇళ్లకు వారు వెళ్లిపోతారు. ఆ కుటుంబానికి రెండో కష్టం అప్పుడే మొదలవుతుంది. ఐసీయూ నుంచి బయటపడినవారిలో నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి ఉండే కండరాల నీరసం, మతిమరుపు, దిగులు కలిసిన స్థితికి అమెరికాలోని సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 2010లో నిపుణులను సమావేశపరిచినప్పుడు ఐసీయూ అనంతర లక్షణ సముదాయం అన్న అర్థమిచ్చే పేరు పెట్టారు, కుటుంబసభ్యుల్లో కనిపించే ఇలాంటి బాధకూ అందులోనే చోటిచ్చారు. ఇంటికొచ్చిన తల్లి మెట్లు ఎక్కలేదు, పాల లెక్క మరిచిపోతుంది, పిల్ల అరిస్తే తట్టుకోలేదు. పిల్ల మాత్రం రెండు నెలలుగా నాన్నకు అలవాటుపడి, అమ్మ పిలిస్తే తలుపు చాటుకు వెళ్తుంది. ఈ దశలో మంగళవారం బడి పని ఒప్పుకున్నవారు ఇంకా కొన్ని నెలలు మంగళవారం రావాలి. పనులన్నీ ఒక్కసారిగా ఆమెకు తిరిగి అప్పగించకూడదు, ఆమె చేతిలోంచి అన్నీ లాక్కోకూడదు కూడా. కూర్చుని చేయగలిగినవి ముందు తిరిగి ఆమెకు ఇవ్వాలి: పాప హోంవర్కు చూడటం, రాత్రి కథ చెప్పడం, ఏ సాక్సు ముందు వేయాలో నాన్నకు గుర్తుచేయడం.